వ్రాయుటయా? చూపుటయా?

పటాన్‌చెరువు యంత్రశాలలలో ఇనుమును కోయు సి.ఎన్.సి. యంత్రములను శ్రోతలలో పలువురు చూచియుందురు. జి00 అని వ్రాసినచో పనిముట్టు వడిగా జరుగును. జి01 అని వ్రాసినచో తిన్నగా కోయుచు సాగును. నేడు బొమ్మ గీసి చూపిన చాలు, ఆ పంక్తులను తామే వ్రాసిపెట్టు సాధనములున్నవి. అయినను, తప్పు ఎక్కడ జరిగినదో వెదకవలసి వచ్చినప్పుడు పనివాడు ఆ పంక్తులనే చదువును. వ్రాసి ఆజ్ఞాపించుటయా, చూచి దిద్దుటయా అను ఈ తగవు కంప్యూటరు ప్రోగ్రాములు వ్రాయువారిలో ఏబది యేండ్లనాటిది.

దానికి మూలము సిద్ధాంతము కాదు, ఆనాటి యంత్రముల లేమి. 1969లో అమెరికాలోని బెల్ ప్రయోగశాలలో కెన్ థాంప్సన్ 'ఎడ్' అను సాధనమును వ్రాసినాడు. మన హైదరాబాదు ఇ.సి.ఐ.ఎల్. వారి టి.డి.సి.-12 కంప్యూటరు వెలువడినదియు ఆ యేడే. అప్పటి టెలిటైపు సెకనుకు పది అక్షరములు మాత్రమే కాగితముపై కొట్టెడిది. రెండువేల అక్షరముల పుటను చూడగోరినచో మూడు నిముషములకు పైగా వేచియుండవలెను. అందుచేత 'ఎడ్' అడిగినదే చూపును. తప్పు చేసినచో ఒక ప్రశ్నార్థక చిహ్నము వేసి ఊరకుండును. ఇంతటి మితభాషి మా కార్యాలయమున లేడు! ఒక నమూనాకు సరిపడు పంక్తులనెల్ల వెదకి అచ్చువేయుమని 'ఎడ్'కు ఇచ్చెడి ఆజ్ఞ నుండియే 1973లో 'గ్రెప్' వచ్చినది. మాటలను మార్చిపెట్టు 'సెడ్' కూడ ఆ కాలముదే.

1974లో జెరాక్స్ వారి పాలో ఆల్టో పరిశోధనాలయమున బట్లర్ లాంప్సన్, చార్లెస్ సిమొన్యీ ప్రభృతులు కూర్చిన 'బ్రావో' మరియొక దారి తెరచినది. అచ్చులో నుండునట్లే తెరపై చూచి, మౌసుతో చూపి దిద్దుట దాని పద్ధతి.

మొన్న మాకు ఈ రెండింటితోను పని పడినది. మా ప్రసంగపాఠముల దస్త్రములలో కొందరు 'పటాన్‌చెరు' అనియు, కొందరు 'పటాన్‌చెరువు' అనియు వ్రాసినారు. అన్నిటిని రెండవ రూపమునకు మార్పుమని 'సెడ్'కు ఒక పంక్తి వ్రాసి యిచ్చితిమి. క్షణములో ముగిసినది. ముందే సరిగానున్న చోట్లన్నియు 'పటాన్‌చెరువువు' అయినవి! ఆజ్ఞలు టైపు చేయు నల్లతెర మీద దానిని గుర్తింపలేకపోతిమి. ఆ తెరను సమానమైన గళ్ళుగా విభజించుట రోమను లిపికి తగిన ఏర్పాటు. మన గుణింతములు, ఒత్తులు అందు తరచు చెదరిపోవును. 'స్త్రీ' అను ఒక్క అక్షరమునకే యూనికోడులో ఆరు సంకేతములు కదా! దృశ్య ఎడిటరులో తెరచినప్పుడుగాని తప్పు కంటబడలేదు.

అయితే దిద్దుట మరల పంక్తితోనే. ఏమి ఆజ్ఞాపించితిమో అక్షరము పొల్లుపోక నిలిచియున్నది గనుక, మరియొక్క పంక్తితో ఆ అదనపు 'వు'ను అన్ని దస్త్రములనుండి తీసివేసితిమి. మౌసుతో ఒక్కొక్కటే దిద్దుచు పొరబడియుండినచో, ఎక్కడెక్కడ చేయి వేసితిమో చెప్పుటకు సాక్ష్యముండెడిది కాదు.

2015లో మైక్రోసాఫ్ట్ వెలువరించిన విజువల్ స్టూడియో కోడ్‌లో నేడు దృశ్య ఎడిటరు క్రిందనే ఆజ్ఞలకు ఒక కిటికీ ఉన్నది. మేమిప్పుడు పైన చూచి క్రింద వ్రాయుచున్నాము. ఊరివారు మాత్రము ఆ రెండు పేర్లను వాడుచునే యున్నారు.