2504కి వెళ్ళొచ్చు గానీ, స్టార్ట్ బటన్ జరిగితే ఎలా?

ఆఫీసు లాప్‌టాప్‌లో విండోస్ 10 తీసేసి 11 వేశారు. 2025 అక్టోబరు 14తో పదికి సపోర్టు ఆగిపోయింది కాబట్టి తప్పదు. ఎడమ మూలన ఉండాల్సిన స్టార్ట్ బటన్ కాస్తా మధ్యలోకొచ్చి కూర్చుంది. నేనేమో వారం రోజులు పాత మూలలోనే క్లిక్ చేశా. అక్కడ వాతావరణం చెప్తోంది! సెట్టింగుల్లో మళ్ళీ ఎడమకి జరుపుకోవచ్చని తర్వాత తెలిసిందనుకోండి.

సిగ్గేసే విషయం ఏంటంటే నేను సైన్స్ ఫిక్షన్ పిచ్చోణ్ణి. 1991లో సింగీతం గారు తీసిన ఆదిత్య 369 ఎన్నిసార్లు చూశానో లెక్కలేదు. రాయలవారి కొలువుకీ, అక్కణ్ణుంచి 2504కీ హాయిగా వెళ్ళొచ్చినవాణ్ణి, ఒక బటన్ జానెడు జరిగితే ఇంత ఏడుపా?

అసలీ డెస్క్‌టాప్ అనేదే ఒక అలవాటు. 1973లో జిరాక్స్ వాళ్ళ ఆల్టోతో మొదలై, 1981లో అదే కంపెనీ స్టార్‌తో ఫైళ్ళూ ఫోల్డర్లూ ఉన్న ఆఫీసు బల్ల తెరమీదకొచ్చింది. స్టార్ట్ బటన్ వచ్చింది 1995 ఆగస్టులో. అంటే నాకంటే రెండేళ్ళే పెద్దది.

ఇక దాన్ని కదిలించినప్పుడల్లా గొడవే. 2008 జనవరిలో కేడీఈ 4 వస్తే తిట్లు. 2011 ఏప్రిల్‌లో గ్నోమ్ 3, అదే నెలలో ఉబుంటు యూనిటీ వచ్చాయి, ఇంకా ఎక్కువ తిట్లు. లినక్స్ రాసిన టోర్వాల్డ్స్ అంతటివాడే గ్నోమ్ 3 నచ్చక ఎక్స్‌ఎఫ్‌సీఈకి వెళ్ళిపోయాడు. అర్జెంటీనా కుర్రాడొకడు పాత గ్నోమ్ 2ని బతికించుకోడానికి మాటే మొదలెట్టాడు. 2012లో విండోస్ 8 స్టార్ట్ బటన్‌ని పీకేస్తే, ఏడాది తిరక్కుండా 8.1లో తెచ్చి పెట్టాల్సొచ్చింది. ఇదంతా చదివి "మార్పంటే భయం వీళ్ళకి" అని నవ్వుకునేవాణ్ణి. ఇంజనీరింగులో ఉన్నాం కదా, మరి!

ఆ ఊపులోనే ఓ ఘనకార్యం చేశా. నరసరావుపేటలో మా బాబాయికి డీటీపీ షాపుంది. శుభలేఖలు, కరపత్రాలు, కోటప్పకొండ తిరునాళ్ళ బ్యానర్లు. విండోస్ ఎక్స్‌పీ, పేజ్‌మేకర్, అను ఫాంట్లు, అదే ఆయన ప్రపంచం. ఎక్స్‌పీకి 2014 ఏప్రిల్ 8నే సపోర్టు అయిపోయింది, ఇంకా ఇదేంటి బాబాయ్ అని క్లాసు పీకా. 2001లోనే ఎక్స్‌పీతో పాటు గౌతమి ఫాంటు వచ్చిందనీ, యూనికోడ్‌లో కొడితే ఎక్కడైనా చదవొచ్చనీ, అనులో కొట్టింది ఆ ఫాంటు లేనిచోట పిచ్చిగీతలనీ కూడా చెప్పా. అన్నీ నిజాలే.

సెలవుల్లో ఓ రాత్రి ఫార్మాట్ కొట్టి కొత్త విండోస్ వేసేశా. అను సీడీ ఎక్కడుందో అడగలేదు. మాఘమాసం, పెళ్ళిళ్ళ సీజను.

పొద్దున బాబాయి వచ్చి కూర్చున్నాడు. ఇరవయ్యేళ్ళుగా కీబోర్డు చూడకుండా కొట్టే చేతులు గాల్లో ఆగిపోయాయి. తిట్టలేదు. "ఒరేయ్, ముహూర్తాలు ఆగవు రా" అన్నాడంతే. మూడు రాత్రులు స్నేహితుడి షాపులో కూర్చుని శుభలేఖలు పూర్తి చేశాడు. నేను పక్కన కూర్చుని ప్రూఫులు చూశా.

స్టార్ ట్రెక్ నాలుగో సినిమాలో (1986) భవిష్యత్తు నుంచొచ్చిన స్కాటీ మౌసు చేతిలోకి తీసుకుని, మైకనుకుని దాంతో మాట్లాడతాడు. అందరూ నవ్వే సీను. ఆ మూడు రాత్రుల తర్వాత నాకు నవ్వు రాలేదు. మైనారిటీ రిపోర్ట్‌లో (2002) టామ్ క్రూజ్ గాల్లో చేతులూపి కంప్యూటర్ నడుపుతాడు కదా, అది నేర్చుకున్న మొదటివారం ఎలా ఉండి ఉంటుందో ఎవరూ చూపించరు. ఆ వారంలో ఆయన శుభలేఖలు ఎవరు కొట్టారో :)

బాబాయి ఇప్పటికీ ఆ ఎక్స్‌పీ మిషను ఉంచుకున్నాడు, నెట్ తీగ పీకేసి. పక్కన కొత్తదొకటి, వాట్సాప్‌లో వచ్చే ఫోటోల కోసం. పోయినసారి ఊరెళ్ళినప్పుడు నా లాప్‌టాప్ చూసి, "స్టార్ట్ ఏదిరా?" అన్నాడు. మధ్యలో చూపించా.

"నువ్వెన్ని రోజులు వెతికావు?"

"వారం."

నవ్వి, ఇద్దరికీ టీ చెప్పాడు.