మంచుకాలపు టైర్లు: రెండా, నాలుగా?

అమెరికా ఉత్తర రాష్ట్రాలలో కారు గలవారికి 1950, 1960 ప్రాంతాలలో ఒక ఆనవాయితీ ఉండేది. ఆకు రాలే కాలం ముగియవస్తున్నదనగా కొట్టులో దాచిన రెండు టైర్లను బయటికి తీసి, బండి వెనుక చక్రాలకు తొడిగించుకునేవారు. లోతైన గాళ్ళు, వాటి నడుమ దిట్టమైన రబ్బరు దిమ్మెలు ఈ మంచు టైర్ల గుర్తు. వసంతం రాగానే మళ్ళీ విప్పి దాచేవారు. నాలుగు చక్రాల బండికి రెండే ఎందుకు? ఆనాటి అమెరికా కార్లలో ఇంజను ముందున్నా, దాని బలం పొడవాటి ఇరుసు గుండా వెనుక చక్రాలకు అందేది. బండిని నెట్టేవి అవే కాబట్టి మంచులో జారి ఊరకే గిరగిర తిరిగేవి కూడ అవే. పట్టు అక్కడ కావాలి. పైగా రెండింటితో సరిపెడితే ఖర్చు సగం. ఆ కార్లకు ఈ లెక్క చాలవరకు పనికివచ్చింది. చిక్కు ఆ తరువాత వచ్చింది.

మంచు కోసమే ప్రత్యేకంగా టైరు చేయాలన్న ఆలోచన ఫిన్లండులో రూపుకట్టింది. ఆ దేశంలోని నోకియా అనే ఊరి రబ్బరు కర్మాగారం 1934లో లారీల కోసం ఒక టైరు తయారుచేసింది. అంతకుముందు టైర్ల మీది గాళ్ళు ఎక్కువగా బండి పోయే దిశలోనే ఉండేవి. మెత్తటి మంచులో అవి పూడిపోతాయి. కొత్త టైరు మీద అడ్డంగా లోతైన గాళ్ళు తీసినారు. మంచులో నడిచే మనిషి మడమ గుచ్చి అడుగువేసినట్లు, ఆ గాళ్ళ అంచులు మంచును పట్టుకుని చక్రాన్ని ముందుకు తోస్తాయి. 1936లో కార్ల కోసం అదే జాతి టైరు వచ్చింది. దానికి 'హక్కపెలీత్తా' అని పేరు పెట్టినారు. పదిహేడవ శతాబ్దపు ముప్ఫై ఏండ్ల యుద్ధంలో స్వీడను రాజు పక్షాన పోరాడిన ఫిన్లండు ఆశ్వికులకు ఉండిన పేరది. 'కొట్టండి' అనే వారి యుద్ధఘోష నుంచి పుట్టింది. టైరుకు ఇంతకన్న వీరోచితమైన పేరు దొరకడం కష్టం.

గాళ్ళతోనే పని తీరదు. రబ్బరు స్వభావం కూడ చూడాలి. పచ్చి రబ్బరు ఎండకు జిగురై, చలికి బిరుసెక్కుతుంది. అమెరికా దేశీయుడు చార్లెస్ గుడియర్ 1839లో దానికి గంధకం కలిపి వేడిచేస్తే ఈ రెండు దోషాలూ చాలవరకు తగ్గుతాయని కనిపెట్టినాడు. 1844లో పేటెంటు పొందినాడు. అయితే దోషం తగ్గిందే గాని పోలేదు. వేసవి రోడ్ల మీద అరగకుండ ఉండేటట్లు కలిపిన రబ్బరు, వేడిమి సుమారు 7 సెంటిగ్రేడు డిగ్రీలకు దిగేసరికి బిగుసుకొనసాగుతుంది. అప్పుడది రోడ్డు పైని సన్నని గరుకులోనికి ఒదగదు, ఒదగని రబ్బరు పట్టదు. కాబట్టి మంచు టైరులో చలికి మెత్తగా ఉండే మిశ్రమం వాడతారు. 1990 తరువాత ఇందులో సిలికా పాలు పెరిగింది. మంచు టైరు ఎండాకాలంలో త్వరగా అరిగిపోవడానికి కూడ ఈ మెత్తదనమే కారణం.

ఇక చిక్కు సంగతి. ముందు చక్రాలనే ఇంజను తిప్పే కార్లు యూరపులో ముందే వాడుకలోకి వచ్చినవి. ఫ్రాన్సులో సిట్రోయెన్ సంస్థ 1934లోనే అట్టి కారును పెద్ద ఎత్తున తయారుచేసింది. స్వీడనులో సాబ్ 1949లోను, ఇంగ్లండులో మినీ 1959లోను వచ్చినవి. అమెరికాలో 1973 నాటి చమురు కరవు తరువాతనే ఇవి ఇంటింటి బండ్లైనవి. పొడవాటి ఇరుసు ఉండదు, లోపల చోటు మిగులుతుంది. పైగా ఇంజను బరువంతా నడిపే చక్రాల మీదనే పడుతుంది కాబట్టి, మంచు మిట్టలను ఈ కార్లు మునుపటి వాటికన్న సులభంగా ఎక్కినవి.

కొన్నవారు పాత సూత్రాన్నే కొత్త బండికి పట్టించినారు. నడిపే చక్రాలు ముందువి కనుక రెండు మంచు టైర్లు ముందుకే. బండి బ్రహ్మాండంగా కదిలింది! కాని బండి కదలడం ఒకటి, ఆగడం ఒకటి, తిరగడం ఇంకొకటి. సైకిలు మీద వేగంగా పోతూ ముందు బ్రేకు గట్టిగా పట్టినవారికి వెనుక చక్రం నేల వదలబోవడం అనుభవమే. కారులోను అంతే. బ్రేకు వేయగానే బరువు ముందుకు తూగి వెనుక చక్రాలు తేలికపడతాయి. ముందే తేలికగా ఉన్న ఈ కారు వెనుక భాగం మరింత తేలికవుతుంది. అక్కడ బిరుసెక్కిన పాత టైర్లు ఉంటే వెనుక భాగం పక్కకు జారి, బండి బొంగరంవలె తిరిగిపోతుంది. ముందు టైర్లు ఎంత బాగా పట్టితే వెనుకభాగం అంత సులభంగా తప్పుతుంది. డబ్బు ఆదాచేయడానికి కొన్న రెండు టైర్లే ప్రమాదాన్ని పెంచినవన్నమాట.

ఇందులో మరొక మోసం ఉన్నది. ముందు చక్రాలు జారితే స్టీరింగు తేలికైనట్లు నడిపేవాని చేతికి తెలుస్తుంది. కాలు తీస్తే బరువు ముందుకు వచ్చి మళ్ళీ పట్టు చిక్కవచ్చు. వెనుక చక్రాల స్థితి చేతికి ముందుగా తెలియదు. తెలిసిన తరువాత భయపడి కాలు తీయడం, బ్రేకు తొక్కడం కీడునే పెంచుతాయి. అందుచేతనే మంచు టైర్లు వేస్తే నాలుగూ వేయాలని టైర్ల తయారీదారులు చెబుతారు. ఒకే జాతి టైర్లలో రెండింటినే మార్చవలసివస్తే, ఏ చక్రాలు నడిపినా సరే, కొత్తవి వెనుకకే వేయాలంటారు. మొదటిసారి విన్నవారు ఇది తలక్రిందులుగా ఉన్నదనుకుంటారు.

ఖర్చు బాధ మాత్రం తీరలేదు. రెండు జతల గొడవ లేకుండ ఏడాదంతా నడిచే టైరును గుడియర్ సంస్థ 1977లో 'టియెంపో' పేరుతో విడుదల చేసింది. (1860లో చనిపోయిన చార్లెస్ గుడియర్‌కు ఆ సంస్థతో పేరు తప్ప వేరే సంబంధం లేదు.) ఇట్టి టైర్లమీద ఎం, ఎస్ అనే అక్షరాలు ఉంటాయి. అవి బురద, మంచు అనే ఇంగ్లీషు మాటల మొదటి అక్షరాలు. ఆ ముద్రకు గాళ్ళ ఆకారం చాలు. మంచు మీద పరీక్ష అక్కరలేదు. కొన్నవారికి ఈ సంగతి తెలియదు. మూడు శిఖరాల కొండలో మంచురేకు గల ముద్ర 1999లో వచ్చింది. ప్రమాణంగా పెట్టుకున్న టైరుకన్న మంచు మీద కనీసం నూటికి పది పాళ్ళు ఎక్కువ పట్టు చూపితేనే దానిని వేస్తారు. జర్మనీలో 2024 అక్టోబరు నుంచి వట్టి అక్షరాల టైరు మంచుకాలపు టైరుగా చెల్లదు. కెనడాలోని కెబెక్‌లో 2008 నుంచి కార్లకు మంచు టైర్లు చట్టప్రకారం తప్పనిసరి.

మంచు ఎరుగని నేల నుంచి మిచిగన్‌కో, ఒంటారియోకో వెళ్ళి పాత కారు కొనుక్కున్న తెలుగు విద్యార్థికి మొదటి శీతాకాలంలోనే ఈ లెక్క ఎదురవుతుంది. పేరుమోసినవి రెండు కొనేకంటె, మంచురేకు ముద్ర గల మధ్యరకంవి నాలుగు కొనడం మేలు. కారు పుస్తకం అనుమతిస్తే కొంచెం ఇరుకైన టైరు ధరలోను తక్కువ, మంచును కోసుకుని పోవడంలోను మెరుగు. రెండు జతలు వంతులవారీగా అరుగుతాయి కనుక వేసవి జత కూడ ఎక్కువ కాలం వస్తుంది. వాడిన టైర్లు చవుకగా దొరికితే గాళ్ళ లోతు కొలవాలి: చాలా చోట్ల చట్టం 1.6 మిల్లీమీటర్లతో ఊరుకున్నా, మంచుకు 4 అయినా ఉండాలని నిపుణులు చెబుతారు. లోతు ఉన్నంత మాత్రాన చాలదు, ఏండ్లు గడిస్తే రబ్బరు వాడకున్నా గట్టిపడుతుంది. టైరు పక్కగోడ మీద నాలుగంకెలు చూడాలి. 3521 అని ఉంటే అది 2021వ సంవత్సరం 35వ వారంలో తయారైనదని అర్థం. 2000కు ముందు మూడంకెలే ఉండేవి. అది ఏ దశాబ్దపు టైరో దానిని బట్టి చెప్పడం కష్టం.