టీమ్ కిమ్ (దక్షిణ కొరియా మహిళల కర్లింగ్ జట్టు)

టీమ్ కిమ్ దక్షిణ కొరియాకు చెందిన మహిళల కర్లింగ్ జట్టు. 2018 ప్యోంగ్‌చాంగ్ శీతాకాల ఒలింపిక్స్‌లో రజతం గెలిచింది. ఒలింపిక్ కర్లింగ్‌లో కొరియాకు దక్కిన మొదటి పతకం ఇదే. ఆ పోటీల్లో కిమ్ యంగ్-మి (జ. 1991) మొదటి రెండు స్టోన్లు (రాళ్లు) వేసే లీడ్‌గా, కిమ్ సన్-యంగ్ (జ. 1993) సెకండ్‌గా, కిమ్ క్యంగ్-ఏ (జ. 1994) థర్డ్‌గా ఆడారు. స్కిప్ (జట్టు నాయకురాలు) కిమ్ ఉన్-జంగ్ (జ. 1990) ఆఖరి రెండు స్టోన్లూ వేసేవారు. కిమ్ చో-హీ (జ. 1996) ఐదో సభ్యురాలు. శిక్షకురాలు కిమ్ మిన్-జంగ్ ఇంటిపేరు కూడా కిమ్మే కావడంతో విదేశీయులు కొందరు మొదట్లో వీరందరినీ ఒకే కుటుంబం వారనుకున్నారు. నిజానికి అక్కాచెల్లెళ్లు యంగ్-మి, క్యంగ్-ఏ ఇద్దరే. కొరియన్లలో దాదాపు ఐదుగురిలో ఒకరి ఇంటిపేరు కిమ్.

క్రీడాకారిణుల వయసు ఒక్కోచోట ఒక్కో రకంగా కనిపిస్తుంది. పుట్టినప్పుడే ఒక ఏడుగా లెక్కించి, ప్రతి జనవరి ఒకటిన మరో ఏడు కలిపే పాత కొరియా పద్ధతి 2018 నాటికి వాడుకలో ఉంది. అందువల్ల అక్కడి కథనాల్లో వయసు ఒకటి రెండేళ్లు ఎక్కువగా ఉంటుంది. పుట్టిన సంవత్సరాన్ని పట్టుకుంటే ఈ చిక్కు ఉండదు.

ఆరంభం

జట్టు పుట్టిల్లు ఉత్తర గ్యాంగ్‌సాంగ్ రాష్ట్రంలోని ఉయ్‌సంగ్. వెల్లుల్లి సాగుకు పేరున్న, జనాభా ఏటా తగ్గుతున్న, ముసలివాళ్లు ఎక్కువగా మిగిలిన వ్యవసాయ ప్రాంతం అది. అక్కడ 2006లో కర్లింగ్ కేంద్రం తెరిచారు. అంతర్జాతీయ ప్రమాణాలతో కొరియాలో కట్టిన మొదటి కర్లింగ్ మైదానం అదేనని సాధారణంగా చెబుతారు. దాన్ని ఉయ్‌సంగ్‌కు తెచ్చినవారిలో ముఖ్యుడు కిమ్ క్యంగ్-డూ. తర్వాత ఆయన కొరియా కర్లింగ్ సమాఖ్య ఉపాధ్యక్షుడయ్యారు. శిక్షకురాలు కిమ్ మిన్-జంగ్ ఆయన కూతురే. ఆ కేంద్రం లేకపోతే ఈ జట్టు లేదన్నది నిజం. తర్వాతి గొడవలకు బీజం కూడా అక్కడే పడింది.

ఉన్-జంగ్, యంగ్-మి ఉయ్‌సంగ్ బాలికల ఉన్నత పాఠశాలలో స్నేహితురాళ్లు. కేంద్రం తెరిచాక, 2006–07 ప్రాంతంలో, బడిలో వ్యాయామ కార్యక్రమంగా ఆట మొదలుపెట్టారు. క్యంగ్-ఏ, సన్-యంగ్‌ల చేరిక గురించి ఒక కథ బాగా ప్రచారంలో ఉంది. అక్కకు ఏదో వస్తువు అందించడానికి మైదానానికి వచ్చిన క్యంగ్-ఏ అక్కడే ఉండిపోయిందనీ, తర్వాత తన బడి నుంచి సన్-యంగ్‌ను వెంటబెట్టుకొచ్చిందనీ ఆ కథ. చిన్న వివరాలు చెప్పేవారిని బట్టి మారినా, అక్క వెంట చెల్లి, చెల్లి వెంట స్నేహితురాలు వచ్చిన వరుసలో మాత్రం తేడా లేదు. దాన్ని నమ్మవచ్చు.

ఐదుగురూ ఉయ్‌సంగ్ ఆడపిల్లలే అని రాసిన కథనాలు మాత్రం సరికావు. చో-హీది రాజధాని సియోల్‌కు ఉత్తరాన గ్యంగీ రాష్ట్రంలో ఉన్న ఉయ్‌జంగ్‌బు. రెండు ఊళ్ల పేర్లూ దగ్గరగా ఉండటం వల్ల పొరపాటు జరిగి ఉండవచ్చు. ఆమె తర్వాతి కాలంలో జట్టులో చేరారు.

2014 సోచి ఒలింపిక్స్‌కు వెళ్లే అవకాశం ఈ జట్టుకు దక్కలేదు. దేశం తరఫున అప్పుడు వెళ్లింది కిమ్ జి-సన్ జట్టు. సొంతగడ్డపై జరిగిన 2018 పోటీలే వీరికి మొదటి ఒలింపిక్స్. అంతకు ముందు 2017లో సప్పోరోలో జరిగిన ఆసియా శీతాకాల క్రీడల్లో చైనా చేతిలో ఓడి రజతంతో సరిపెట్టుకున్నారు.

ప్యోంగ్‌చాంగ్ 2018

పోటీలు తీరప్రాంత నగరం గాంగ్‌నంగ్‌లో జరిగాయి. ఫిబ్రవరి 15న మొదటి ఆటలోనే రేచల్ హోమన్ నాయకత్వంలోని కెనడాను 8–6తో ఓడించారు. అదే రోజు జపాన్ చేతిలో 5–7తో ఓడారు. లీగ్ దశలో అదొక్కటే ఓటమి. స్విట్జర్లాండ్, బ్రిటన్, చైనా, స్వీడన్, అమెరికా, రష్యా క్రీడాకారిణులు, డెన్మార్క్ వరుసగా ఓడిపోయారు. తొమ్మిదింట ఎనిమిది గెలిచి పట్టికలో మొదటి స్థానంలో నిలిచారు. పోటీలు సాగినన్నాళ్లూ వీరు సెల్‌ఫోన్లు పక్కన పెట్టేశారనీ, బయట తమ పేరు ఎంత మారుమోగుతోందో చాలావరకు తెలియలేదనీ అప్పటి కథనాలు చెబుతున్నాయి.

మారుమోగిన పేరు ప్రధానంగా ఒకటే: యంగ్-మి. హౌస్ (లక్ష్య వలయం) దగ్గర నిలబడి ఆట నడిపే ఉన్-జంగ్ స్వీపింగ్ (రాయి ముందు మంచును చీపురుతో రుద్దడం) కోసం ఆ పేరే కేకవేసేవారు. పేరును సాగదీస్తే ఒక అర్థం, గట్టిగా తుంచితే మరొకటి, మెల్లగా పిలిస్తే ఆగమని, అదేపనిగా పిలిస్తే సన్-యంగ్ అందుకోవాలని కొరియా పత్రికలు పట్టికలు వేశాయి. ఒక పట్టికకూ ఇంకోదానికీ పూర్తిగా పొత్తు కుదరదు. ఆట లెక్క చూస్తే విషయం ఇంకొంచెం సూటిగా ఉంది. ఒక ఎండ్‌లో (ఆటలో ఒక విడతలో) జట్టు వేసేది ఎనిమిది స్టోన్లు. తను వేసే రెండూ పోగా మిగతా ఆరింటికీ లీడ్ చీపురు పట్టాలి. అంటే పది ఎండ్లూ ఆడితే అరవై స్టోన్ల వెంట యంగ్-మి నడవాలి. సన్-యంగ్ వాటా కూడా అంతే. అయినా కేక ఒక్కరి పేరుతోనే వినిపించడానికి, బడినాటి స్నేహం వల్ల ఆ పిలుపు నోటికి అలవాటై ఉంటుందన్న వివరణే సహజంగా ఉంది.

ముఖంలో ఏ భావమూ కనపడనీయకుండా గుండ్రటి కళ్లజోడుతో ఆడిన ఉన్-జంగ్‌ను అభిమానులు 'కళ్లజోడు సీనియర్' అన్నారు. బాస్కెట్‌బాల్ నేపథ్యంగా వచ్చిన జపాన్ బొమ్మల కథల పుస్తకం 'స్లామ్ డంక్'లోని ఒక పాత్రకున్న పేరది.

ఫిబ్రవరి 23న సెమీఫైనల్‌లో మళ్లీ జపానే ఎదురైంది. సత్సుకి ఫుజిసావా జట్టు మీద కొరియా మొదటి ఎండ్ నుంచే ఆధిక్యంలో ఉన్నా, ఆఖరి ఎండ్లలో అది కరిగిపోయింది. పదో ఎండ్‌లో జపాన్ స్టీల్ సాధించి (ఆఖరి స్టోన్ ప్రత్యర్థిదైనా పాయింటు తీసి) 7–7 చేసింది. అదనపు ఎండ్‌లో హ్యామర్ కొరియాది. అంటే ఆఖరి స్టోన్ ఉన్-జంగ్‌ది. దారిలో ఉన్నవాటిని కొట్టి తప్పించడం కాదు, హౌస్ మధ్యకు సరైన వేగంతో జార్చి ఆపడమే పని. దాదాపు 20 కిలోల రాయి. బలం రవ్వంత ఎక్కువైతే దాటిపోతుంది, తక్కువైతే ముందే ఆగిపోతుంది. రాయి జపాన్ స్టోన్ కంటే లోపలికి వచ్చి ఆగింది. 8–7. అప్పటిదాకా చలించని స్కిప్ కళ్లజోడు తీసి కన్నీళ్లు తుడుచుకున్నారు.

రెండు రోజుల తర్వాత ఫైనల్‌లో అనా హాసెల్‌బోర్గ్ నాయకత్వంలోని స్వీడన్ చేతిలో 3–8తో ఓడారు. లీగ్‌లో 7–6తో ఓడించిన జట్టే అది. ఏడో ఎండ్‌లో స్వీడన్ మూడు పాయింట్లు తీయడంతో ఆట చేజారింది. తొమ్మిదో ఎండ్ అయ్యాక కొరియా ఓటమి ఒప్పుకుని చేతులు కలిపింది.

పేరు

విదేశీ పత్రికలు పెట్టిన 'గార్లిక్ గర్ల్స్' అన్న పేరే ఇప్పటికీ ఎక్కువ చోట్ల కనిపిస్తుంది. క్రీడాకారిణులు దాన్ని పెద్దగా ఇష్టపడలేదు. 'టీమ్ కిమ్' అనడమే మేలని వారు చెప్పుకున్నారు. స్కిప్ ఇంటిపేరుతో జట్టును పిలవడం కర్లింగ్‌లో ఎప్పటినుంచో ఉన్న ఆనవాయితీ. ఇక్కడ అది ఐదుగురికీ అతికింది. ఈ వ్యాసం కూడా ఆ పేరునే వాడుతోంది. పలకడం తేలికని విదేశీయుల కోసం ఉదయపు ఫలహారాలతో ముద్దుపేర్లు పెట్టుకున్న సంగతి (పాన్‌కేక్, స్టేక్, సన్నీ, యానీ, చోచో) చాలామందికి తెలిసిందే.

పతకం తర్వాత ఒక ఎలక్ట్రానిక్స్ సంస్థ వీరితో వ్యాక్యూమ్ క్లీనర్ ప్రకటన తీసింది. మంచు మీద చీపురు పట్టినవారికి అది రాకపోతేనే ఆశ్చర్యం. మార్చి 9న పారాలింపిక్స్ ఆరంభోత్సవంలో వీల్‌చెయిర్ కర్లింగ్ క్రీడాకారుడు సో సూన్-సోక్‌తో కలిసి ఉన్-జంగ్ జ్యోతి వెలిగించారు.

2018 నవంబరు ఫిర్యాదు, తర్వాత

పతకం వచ్చిన తొమ్మిది నెలలకు ఐదుగురూ కలిసి కొరియా క్రీడా, ఒలింపిక్ కమిటీకి లేఖ రాశారు. బూతులు, అవమానాలు, చేతికందని బహుమతి సొమ్ము, సొంత జీవితంలో జోక్యం, పారాలింపిక్ జ్యోతి కార్యక్రమానికి వెళ్లకుండా అడ్డుకోజూడటం వారి ఫిర్యాదుల్లో ఉన్నాయి. కిమ్ క్యంగ్-డూ, కిమ్ మిన్-జంగ్, ఆమె భర్త అయిన మరో శిక్షకుడు వీటిలో పేరు వచ్చినవారు. మొదట వారి పక్షం ఖండించింది. కెనడాకు చెందిన శిక్షకుడు పీటర్ గాలెంట్ క్రీడాకారిణుల పక్షాన ప్రకటన ఇచ్చారు. డిసెంబరులో కిమ్ క్యంగ్-డూ క్షమాపణ చెప్పి తప్పుకున్నారు.

2019 ఫిబ్రవరిలో సంస్కృతి, క్రీడల మంత్రిత్వ శాఖ ఆధ్వర్యంలో జరిగిన ఉమ్మడి తనిఖీ నివేదిక వెలువడింది. ఫిర్యాదుల్లో చాలా భాగం నిజమని తేల్చింది. క్రీడాకారిణులకు అందని సొమ్ము 9 కోట్ల 38 లక్షల వాన్‌ల పైచిలుకని లెక్కకట్టింది. ఉయ్‌సంగ్‌లో కర్లింగ్‌కు నాంది పలికిన కుటుంబం గురించి రెండు రకాల కథనాలు ఇప్పటికీ నడుస్తాయి. నివేదిక వచ్చాక మాత్రం క్రీడాకారిణుల కథనానికే బలం ఎక్కువ.

ఉన్-జంగ్ 2019లో తల్లి అయ్యారు. ఆమె లేని కాలంలో క్యంగ్-ఏ స్కిప్‌గా ఆడారు. 2020 నవంబరులో జాతీయ పోటీ గెలిచి మళ్లీ దేశం తరఫున నిలిచారు. ఉత్తర గ్యాంగ్‌సాంగ్‌తో ఒప్పందం ముగియడంతో 2021 మార్చిలో గాంగ్‌నంగ్ నగర పాలక సంస్థ జట్టుగా మారారు. ఒలింపిక్స్ ఆడిన ఊరే అలా సొంతూరైంది. 2021 ప్రపంచ పోటీల్లో ఏడో స్థానంతో నేరుగా ఒలింపిక్ బెర్త్ చేజారింది. డిసెంబరులో నెదర్లాండ్స్‌లోని లీవార్డన్‌లో లాట్వియాను ఓడించి ఆఖరి బెర్త్ దక్కించుకున్నారు. 2022 బీజింగ్‌లో నాలుగు గెలిచి ఐదు ఓడి ఎనిమిదో స్థానంలో మిగిలారు. అక్కడ లీడ్ సన్-యంగ్, సెకండ్ చో-హీ. యంగ్-మి ఐదో సభ్యురాలిగా బెంచీ మీద ఉన్నారు.

నెల రోజుల తర్వాత కెనడాలోని ప్రిన్స్ జార్జ్‌లో జరిగిన ప్రపంచ పోటీల ఫైనల్‌లో సిల్వానా తిరిన్జోని నాయకత్వంలోని స్విట్జర్లాండ్ చేతిలో 6–7తో ఓడి రజతం తెచ్చారు. అంతకు ముందు కొరియా మహిళల జట్టేదీ ప్రపంచ పోటీల ఫైనల్ దాకా వెళ్లలేదు.