అచ్చు తప్పడం

మణికొండ మర్రిచెట్టు దగ్గర కిరాణా కొట్లో ఇప్పుడు చిల్లర చప్పుడు వినడమే అరుదు. ఎవరికి వారు ఫోను చూపించి వెళ్ళిపోతారు. అందుకని మా మేనల్లుడు న్యూజెర్సీ నుంచి వస్తూ గుప్పెడు డాలరు నాణేలు తెచ్చి నా దోసిట్లో పోస్తే పండగలా అనిపించింది. అక్కడి రైలు టికెట్ల మిషన్ చిల్లర కింద ఇచ్చినవట. అందులో రెండు తీసి పక్కన పెట్టాడు. రెండింటి మీదా జార్జి వాషింగ్టన్ బొమ్మే.

"మామయ్యా, బొమ్మ పైకి పెట్టి అంచు చదువు. దీని మీద అక్షరాలు తిన్నగా ఉన్నాయి, దాని మీద తలకిందులుగా ఉన్నాయి. అచ్చుతప్పేనా?"

రెండు మిల్లీమీటర్ల మందం ఉన్న గోడ అది. ఆ సన్నటి గోడ మీద 2007 అన్న సంవత్సరం, టంకశాల గుర్తు, రెండు నినాదాలు చెక్కి ఉన్నాయి. బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పట్టుకుని బండి చక్రంలా తిప్పుకుంటూ చదువుకోవాలి. మనకు బొమ్మకు పేరుంది, బొరుసుకు పేరుంది. ఈ మూడో ముఖానికి మాత్రం చీరకీ చెరువుకీ వాడే అంచు అనే మాటే దిక్కు.

వాడి ప్రశ్నకు జవాబు చెప్పేలోగా నేను వాడన్న మాట దగ్గరే ఆగిపోయాను. అచ్చుతప్పు. పత్రికల్లో పనిచేసినవాళ్ళకు రోజూ నలిగే మాట. ఇందులో అచ్చు కాగితం కన్నా చాలా పాతది. బెల్లం అచ్చు, ఇటుక అచ్చు, అచ్చు గుద్దినట్టు తండ్రి పోలికే అనడం, ఒంటి మీద ముద్ర వేసి ఊరి మీద వదిలిన అచ్చోసిన ఆంబోతు, ఇవన్నీ ప్రెస్సులు రాకముందువే. తమిళ శాసనాల్లో అచ్చు అనే పేరుతో ఒక నాణెమే ఉంది. ముద్ర పడ్డది కాబట్టి అచ్చు. ఓనమాల్లోని అచ్చుకు మాత్రం దీనితో చుట్టరికం లేదు, అది సంస్కృత వ్యాకరణం నుంచి వచ్చింది.

నన్ను పట్టుకున్నది రెండో సగం. తప్పు అనగానే మనకు నేరం, దోషం, ఎర్ర సిరా గుర్తొస్తాయి. కానీ తెలుగులో తప్పు క్రియ కూడా. దారి తప్పడం, గురి తప్పడం, మాట తప్పడం, వరస తప్పడం. అక్కడ ఉన్నది నేరం కాదు, ఎడం. చేరాల్సిన చోటికి చేరకపోవడం. కన్నడంలోనూ తమిళంలోనూ ఈ ధాతువు ఇలాగే రెండు పనులూ చేస్తుంది. మాటను జోడించి అచ్చుతప్పు అంటే దోషం కనిపిస్తుంది. విడదీసి అచ్చు తప్పింది అంటే ఏం జరిగిందో కనిపిస్తుంది.

నాణేల విషయంలో విడదీసి చూడటమే సరైనదని నా నమ్మకం. మేనల్లుడి డాలర్లనే తీసుకుందాం. వాటి బొమ్మా బొరుసూ ఒక యంత్రంలో పడతాయి. అంచు మీది అక్షరాలు ఆ తర్వాత ఇంకో యంత్రంలో, నాణెం దొర్లుకుంటూ పోతుండగా పడతాయి. అందులోకి నాణేలు కుప్పగా పోతాయి కాబట్టి ఏది బొమ్మ పైకి దొర్లుతుందో, ఏది బొరుసు పైకి దొర్లుతుందో ఎవరూ చూడరు. తిన్నగా ఉన్నవీ తలకిందులుగా ఉన్నవీ దాదాపు సగం సగం వస్తాయి. కాబట్టి వాడి రెండో నాణెం దేనినీ తప్పలేదు. వాడి మొహం కాస్త చిన్నబోయింది.

అసలు తప్పినవి వేరే ఉన్నాయి. 2007 ఫిబ్రవరిలో ఆ వాషింగ్టన్ డాలర్లు విడుదలైన కొద్ది రోజులకే, అంచు నున్నగా ఉన్నవి వేలకొద్దీ బయటపడ్డాయి. దేవుణ్ణి నమ్ముతాం అనే నినాదం అంచు మీదే ఉండేది కాబట్టి జనం వాటికి దేవుడు లేని డాలర్లని పేరు పెట్టారు. 2009లో ఆ నినాదాన్ని ముఖం మీదికి మార్చారు. ఆ నున్నటి నాణేల మీద బొమ్మ చక్కగా ఉంది, బొరుసు చక్కగా ఉంది. అంచు యంత్రం దగ్గర మాత్రం వాటి వంతు తప్పింది. తర్వాత వచ్చిన జాన్ ఆడమ్స్ డాలర్లలో కొన్ని అదే యంత్రంలోకి రెండుసార్లు వెళ్ళి, అక్షరాల మీద అక్షరాలు వేయించుకుని వచ్చాయి.

మన రూపాయికి ఈ గొడవ తక్కువ. అంచున పళ్ళున్న నాణేనికి చుట్టూ గాళ్ళు కోసిన కట్టు ఉంటుంది. పైనుంచి దెబ్బ పడగానే లోహం పక్కలకు సాగి ఆ గాళ్ళలోకి దిగుతుంది. మూడు ముఖాలూ ఒక్క దెబ్బతో తేలతాయి. సంవత్సరం కింద చిన్న నక్షత్రం ఉంటే అది మన హైదరాబాద్ టంకశాలది. ఆ టంకశాల 1803లో సుల్తాన్‌షాహీలో మొదలై, 1903లో సైఫాబాద్‌కు మారి, 1997లో చర్లపల్లి చేరింది. మణికొండ నుంచి చూస్తే ఊరికి ఆ చివర.

సుల్తాన్‌షాహీ రోజుల్లో సుత్తితో కొట్టిన రూపాయిలు చూస్తే ఈ మాటే ఇంకో రకంగా అర్థమవుతుంది. అప్పట్లో అచ్చు పెద్దది, కింద పెట్టే వెండి బిళ్ళ చిన్నది. మామూలు రూపాయిల మీద పూర్తి అక్షరాలు పట్టేవి కావు. ఒకదాని మీద పాదుషా పేరులో సగం ఉంటే, ఇంకొకదాని మీద ఊరి పేరు తోక ఉండేది. దాన్ని ఎవరూ అచ్చుతప్పు అనుకోలేదు. షరాబు చూసేది బరువును, వెండిని. నిజాం మహబూబ్ అలీఖాన్ కాలంలో యంత్రాలు వచ్చి, చార్మినార్ నాలుగు మినార్లతో నిండుగా ప్రతి రూపాయి మీదా ఒకేలా నిలబడ్డాకే కదా, పక్కకు జరిగినది కంటికి ఆనడం మొదలైంది!

తప్పు నుంచే తప్పించుకోవడం కూడా పుట్టింది. అచ్చు తప్పిన ప్రతి నాణెం టంకశాలలో తనిఖీ కళ్ళను తప్పించుకుంటేనే మన చేతికొస్తుంది. దొరికిపోయినవి కరిగి మళ్ళీ బిళ్ళలవుతాయి. సేకరించేవాళ్ళు వాటికి ఎక్కువ ఇచ్చేది అందుకే. అంతేగాని పర్సులో ఉన్న మామూలు అయిదు రూపాయల బిళ్ళకు లక్షలిస్తామనే ప్రకటనలను నమ్మకండి. పాత నాణేల పేరుతో రుసుములు అడిగేవాళ్ళతో తనకు సంబంధం లేదని 2021 ఆగస్టులో రిజర్వు బ్యాంకే చెప్పాల్సి వచ్చింది.

నా దగ్గర అచ్చు తప్పిన రూపాయి ఒక్కటే ఉంది, ఎప్పుడో పాల ప్యాకెట్ చిల్లరలో వచ్చింది. ముద్ర ఒక పక్కకు ఒరిగి, రెండో పక్క నెలవంకంత చోటు నున్నగా మిగిలింది. ఇన్నాళ్ళూ దాని కవరు మీద అచ్చుతప్పు అనే ఉండేది. మేనల్లుడు వెళ్ళిన రాత్రి ఆ కవరు చింపేసి కొత్తది తీశాను. అచ్చు అని రాసి, కాస్త ఎడం ఇచ్చి, తప్పింది అని రాశాను.