అంటుమొక్కలు, శాన్‌హోసే పొలుసు పురుగు

శాన్‌హోసే పొలుసు పురుగు 1870 ప్రాంతంలో చైనా నుంచి తెప్పించిన మొక్కల మీద కాలిఫోర్నియాకు చేరిందని భావిస్తారు. గుండుసూది తలకన్నా పెద్దది కాని ఈ పురుగు బూడిదరంగు మైనపు డొప్ప కింద బెరడుకు అతుక్కుని రసం పీలుస్తుంది. ఆకు రాల్చిన అంటుమొక్క మీద దాన్ని పోల్చుకోవడం అనుభవజ్ఞులకూ కష్టమే. ఆడపురుగుకు రెక్కలు ఉండవు. పిల్లపురుగు కాస్త దూరం పాకి ఒకచోట స్థిరపడుతుంది. అలాంటి జీవి ఖండం దాటి తూర్పు తీరానికి చేరిందంటే కారణం మొక్కల వ్యాపారమే. న్యూజెర్సీ నర్సరీలు 1880లలో పడమటి నుంచి తెప్పించిన మొక్కలతో పురుగూ వచ్చింది. వర్జీనియాలో 1893లో బయటపడేనాటికి అది నర్సరీ సరుకుతో పలు రాష్ట్రాల తోటలకు చేరిపోయింది.

ఈ పురుగు భయంతో 1898లో జర్మనీ అమెరికా మొక్కల దిగుమతిని నిషేధించింది. నష్టపోయిన అమెరికా మాత్రం సమాఖ్య స్థాయి మొక్కల క్వారంటైన్ చట్టాన్ని 1912లో గానీ చేసుకోలేకపోయింది. ఆ జాప్యం క్షమించరానిది. 1919లో అమల్లోకి వచ్చిన 37వ క్వారంటైన్ ఉత్తర్వు అసలు మలుపు. సరిహద్దులో కంటితనిఖీ చాలదని, చాలా రకాల మొక్కలను మొదటే ఆపాలని అది తేల్చింది.

భారత్‌లో 1914లో విధ్వంసక కీటకాలు, తెగుళ్ల చట్టం వచ్చింది. దాని కిందే వెలువడిన 2003 నాటి మొక్కల క్వారంటైన్ ఉత్తర్వు ప్రకారం, జాబితాల్లో లేని మొక్కను దిగుమతికి అనుమతించే ముందు దాని వెంట రాగల తెగుళ్ల ముప్పును అంచనా వేయాలి.