ప్రధానం కాదని 1876లోనే తేలింది.. కారణాంకాలు దొరికింది 1903లో

14,75,73,95,25,89,67,64,12,927. చదరంగం గళ్లలో గింజలు రెట్టింపు చేసుకుంటూ పోయే కథ తెలుసు కదా, ఆ బల్లకు 64కు బదులు 67 గళ్లు ఉంటే మొత్తం గింజలు సరిగ్గా ఇన్ని. గణితంలో దీన్ని రెండు ఘాతం 67 మైనస్ ఒకటి అంటారు. 21 అంకెల ఈ సంఖ్య ప్రధాన సంఖ్యేనని ఫ్రెంచి సన్యాసి మారిన్ మెర్సెన్ 1644లో ప్రకటించాడు. రుజువు మాత్రం ఇవ్వలేదు.

ఆ మాట తప్పని 1876లో ఎడువార్ లూకా తేల్చాడు. విచిత్రమేమిటంటే, ఇది ఏ సంఖ్యతో భాగం పోతుందో ఆయనకూ తెలియదు. ఆయన పద్ధతికి తర్వాత డి.హెచ్. లెహ్మర్ ఇచ్చిన సరళ రూపాన్ని 31తో (రెండు ఘాతం 5 మైనస్ ఒకటి) చూడొచ్చు. 4తో మొదలుపెట్టి, ప్రతిసారీ వర్గం చేసి 2 తీసేసి, 31తో భాగిస్తే మిగిలే శేషాన్ని ఉంచుకోవాలి. 4 తర్వాత 14, ఆపై 194, అంటే శేషం 8. దాని వర్గం 64లో రెండు తీస్తే 62, శేషం సున్నా. ఘాతం 5 కనుక మూడో అడుగులో సున్నా రావాలి, వచ్చింది. కాబట్టి 31 ప్రధానం. ఘాతం 67 అయితే 65 అడుగులు వేయాలి, చివర సున్నా రాదు. ఇంట్లో దొంగ ఉన్నాడని తెలుస్తుంది, ఎవరో తెలియదు.

ఆ దొంగలను పట్టుకున్నది అమెరికా గణితవేత్త ఫ్రాంక్ నెల్సన్ కోల్. 1903 అక్టోబరు 31న న్యూయార్క్‌లో అమెరికన్ మ్యాథమెటికల్ సొసైటీ సమావేశంలో ఆయన చూపిన జవాబు: 193707721 × 761838257287. ఒక్క మాటైనా మాట్లాడకుండా బోర్డు మీద గుణకారం చేసి వెళ్లి కూర్చున్నాడనీ, దీనికి మూడేళ్ల ఆదివారాలు పట్టాయని తర్వాత చెప్పాడనీ ఇ.టి. బెల్ రాశాడు. బెల్‌కు కథలను రక్తి కట్టించే అలవాటుంది కనుక ఆ మౌనాన్ని కాస్త తగ్గించుకుని నమ్మాలి.

ఇలాంటి సంఖ్యల కారణాంకాలు ఎక్కడపడితే అక్కడ ఉండవు. ఘాతం 67 అయితే, ప్రతి కారణాంకాన్నీ 134తో భాగిస్తే శేషం ఒకటే రావాలి. 193707721లో ఒకటి తీసి 134తో భాగిస్తే సరిగ్గా 14,45,580. ఈ నియమం చాలా సంఖ్యలను ముందే పక్కన పెట్టేస్తుంది. అయినా మిగిలినవాటిని చేత్తో వెతకాలంటే ఏళ్లు పడుతుంది. ఇప్పటి కంప్యూటర్‌కు ఇది క్షణం పని.

ప్రధానమో కాదో చెప్పడం తేలిక, విడగొట్టడం కష్టం. ఈ తేడా మీదే ఆర్ఎస్ఏ రహస్య సంకేతాలు ఆధారపడ్డాయి. తేలిక అన్న సగాన్ని సిద్ధాంతపరంగా రుజువు చేసింది ఐఐటీ కాన్పూర్‌కు చెందిన మణీంద్ర అగ్రవాల్, నీరజ్ కయాల్, నితిన్ సక్సేనా. ఏ సంఖ్యయినా ప్రధానమో కాదో సందేహానికి తావులేకుండా, అంకెల సంఖ్య ఎంత పెరిగినా అదుపు తప్పని సమయంలో చెప్పే పద్ధతిని వారు 2002 ఆగస్టులో ప్రకటించారు. కయాల్, సక్సేనా అప్పటికి బీటెక్ పూర్తిచేసి కొద్ది కాలమే అయింది. 2006లో ముగ్గురికీ గోడెల్ బహుమతి వచ్చింది.

రెండో సగం మాత్రం అలాగే ఉంది. 250 అంకెల ఆర్ఎస్ఏ సంఖ్యను 2020లో విడగొట్టడానికి సుమారు 2,700 కోర్ సంవత్సరాల కంప్యూటర్ శ్రమ పట్టింది. నేడు విరివిగా వాడే 2048 బిట్ల తాళంలో అంకెలు 617. దాన్ని వేగంగా విడగొట్టడం అసాధ్యమని మాత్రం ఇంతవరకూ ఎవరూ రుజువు చేయలేదు.