మన్యం కాలిబాటలు – నాడు, నేడు

ప్రత్యేక సంచికకు ఏదైనా రాయమని కార్యదర్శిగారు అడిగితే, నాకు బాగా తెలిసినది నడక ఒక్కటే కదా అనిపించింది. మలేరియా విభాగంలో చేరిన తొలి ఏళ్ళు రోలుగుంట పైనున్న కొండదారుల్లోనే గడిచాయి. ఆ బాటల చరిత్ర నాలుగు మాటల్లో మనవి చేస్తాను.

మా తాతగారు రాత్రిపూట పితూరీ కథలు చెప్పేవారు. 1882 మద్రాసు అటవీ చట్టం వచ్చాక గిరిజనులకు పోడు కొట్టుకోవడం కష్టమైంది. ఆపైన నర్సీపట్నం నుంచి చింతపల్లి వైపు వేసిన ఘాట్ రోడ్డు పనిలో గూడెం డిప్యూటీ తహసీల్దారు బాస్టియన్ వారికి సరైన కూలి ఇవ్వకుండా చాకిరీ చేయించాడు. ఆ కడుపుమంటే అల్లూరి సీతారామరాజు వెంట నడిచింది. 1922 ఆగస్టు 22న చింతపల్లి, 23న కృష్ణదేవిపేట, 24న రాజవొమ్మంగి: మూడు రోజుల్లో మూడు ఠాణాలు. దొరికినవి 26 తుపాకులు, రెండున్నర వేలకు పైగా తూటాలు. నడివానాకాలంలో, ఆ బరువుతో, కొండలు దిగుతూ ఎక్కుతూ కాలినడకన సాగిన ప్రయాణమది.

వెంటాడిన వారికి ఆ బాటలే శత్రువులయ్యాయి. 1922 సెప్టెంబరు 24న దామనపల్లి ఘాట్‌లో ఇరుకుదారిన పోతున్న పటాలంలో ముందు నడిచిన భారతీయులను పోనిచ్చి, కవర్డ్, హైటర్ అనే ఇద్దరు తెల్ల అధికారులను రాజు మనుషులు కాల్చారు. మలబారు నుంచి దించిన పోలీసులను తూటాలతో పాటు చలిజ్వరం కూడా పడగొట్టింది. 1924 మే 7న రాజును కాల్చి చంపారు. సమాధి కృష్ణదేవిపేటలో ఉంది.

ఆ జ్వరాన్ని కొండనీటి దోషమనే చాలామంది అనుకునేవారు. మలేరియా దోమవల్ల వస్తుందన్న రహస్యం 1897లో మన సికింద్రాబాదులోనే రొనాల్డ్ రాస్‌కు దొరికింది. అయినా మందు కొండెక్కాలంటే మనిషి నడవాల్సిందే. 1958లో దేశమంతటా మలేరియా నిర్మూలన కార్యక్రమం మొదలైంది. 1965 నాటికి కేసులు లక్షకు దిగాయి. ఇక పోయిందనుకుంటే 1976లో 64 లక్షలకు ఎగబాకాయి. నేను ఉద్యోగంలో చేరింది ఆ రోజుల్లోనే.

పదిహేను రోజులకొకసారి ఇంటింటికీ వెళ్ళి, జ్వరమున్నవారి వేలు గుచ్చి రక్తపు చుక్క గాజుపలక మీద తీయాలి, క్లోరోక్విన్ బిళ్ళలు ఇవ్వాలి. సంచిలో పలకల పెట్టె, చద్దిమూట, గొడుగు. తెల్లవారకముందే బయలుదేరితే పొద్దు నెత్తికెక్కేసరికి పైగూడెం. జారుడు రాళ్ళు, జలగలు, పాములు, ఎలుగుబంట్ల భయం ఒక ఎత్తు. గెడ్డలు ఒక ఎత్తు. మన దగ్గర ఎండ కాస్తున్నా, పైన వాన పడితే మోకాలి లోతు గెడ్డ చూస్తుండగానే మనిషి లోతవుతుంది.

ఒక శ్రావణమాసంలో అలాగే గెడ్డ పొంగింది. సాయంత్రం దాకా ఒడ్డున కూర్చుని వెనక్కి వచ్చేశాను. మరుసటి వారం వేరే గ్రామాల పని పడింది. నెల గడిచాక వెళితే, ఎప్పుడూ నా పెట్టె మూత తీసి చూసే ఆరేళ్ళ పిల్లవాడు కనిపించలేదు. జ్వరం వచ్చి మెదడుకెక్కిందట. వాళ్ళ అమ్మ నన్ను ఒక్క మాట అనలేదు. “గెడ్డ వచ్చేసింది కదా బాబూ, నువ్వేటి చేస్తావు” అని మంచినీళ్ళిచ్చింది. తిట్టినా బాగుండేది. మర్నాడు దాటి ఉండవలసింది కదా అనే మాట ఈనాటికీ నన్ను వదలదు.

ఇప్పుడు మలేరియా చాలా తగ్గింది, చాలా ఊళ్ళకు రోడ్లు పడ్డాయి. 2022లో జిల్లా కూడా మారి అనకాపల్లి అయింది. కానీ ఆర్ల పంచాయతీ కొండ గూడేల నుంచి గర్భిణులను డోలీలో మోసుకొచ్చిన వార్తలు ఇటీవలి సంవత్సరాల్లోనూ పత్రికల్లో చదివాను. నూరేళ్ళు దాటినా దారి గొడవ తీరలేదు.

చక్కెర వ్యాధికని డాక్టరుగారు రోజూ నన్ను అరగంట నడవమన్నారు. చదును రోడ్డు మీద, చెప్పులు వేసుకుని, నడుస్తున్నాను. అలసట వచ్చినప్పుడు ఆ గెడ్డ ఒడ్డు గుర్తొస్తుంది. మన పిల్లల్లో ఇంజనీర్లున్నారు, అధికారులున్నారు. ఏ ఫైలులోనైనా ఒక కొండదారి కనిపిస్తే, దాన్ని పక్కన పెట్టకుండా చూడమని వారికి చెప్పండి. శెలవు.